నడుము లోతు నీళ్లు

ఆదివారం చర్చిలో రొట్టె పళ్లెం మా వరసకు వచ్చినప్పుడల్లా నాయనమ్మ దాన్ని అందుకుని, ముక్క తీసుకోకుండా నా చేతికి దాటించేది. ఆ రొట్టె నీళ్లలో మునిగి బాప్తిస్మం పొందినవాళ్లకే. పళ్లెం ఇస్తూ ఆమె నా మొహం చూసేది కాదు. నాకు ఒళ్లు మండేది, ఎవరి మీదో తెలియదు.

నాయనమ్మ బాప్తిస్మం తీసుకోనిది నమ్మకం లేక కాదు, మోకాళ్లు పట్టు తప్పుతాయని నీళ్లంటే భయం. రెండుసార్లు గోదావరి ఒడ్డుదాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఆ ఎండాకాలం బూర్గంపాడులో మా చర్చి వెనక బాప్తిస్మం కోసం సిమెంటు తొట్టి కట్టారు. అప్పుడు షరతు పెట్టింది.

"నడుము దాంక ఉంటే దిగుత. పైకొస్తే దిగ. గంతే."

తొట్టి బొమ్మ గీసింది నేనే. ఖమ్మంలో కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే క్యాడ్ నేర్చుకుని, మణుగూరులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కొత్తగా చేరిన రోజులవి. లోపల మూడు మెట్లు, వాలు నేల, గుండ్రటి మూలలు, అన్నీ నా గొప్ప కోసం పెట్టినవే. చర్చి బోరు ఎండిపోయింది. ఎన్ని లీటర్లు కావాలో ముందే చెబితేనే ట్యాంకర్ వస్తుంది. టేపు పట్టుకుని నాయనమ్మ నడుము ఎత్తు కొలిచాను.

"రవికె కుడతవా ఏంది?" అంది.

ఆఫీసులో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. తొట్టిని ఎంచుకుని ఘనపరిమాణం అడిగితే కంప్యూటర్ ఠక్కున అంకె చూపించింది. ఎందుకో అనుమానం వచ్చింది. చూస్తే అది గోడల సిమెంటు లెక్క! నాకు కావలసింది లోపలి ఖాళీ, ఖాళీని కంప్యూటర్ లెక్కపెట్టదు. లేచి రెండు గ్లాసుల నీళ్లు తాగి, మళ్లీ కూర్చున్నాను. నడుము ఎత్తు వరకు తొట్టి అంతా నిండేలా ఒక దిమ్మ గీసి, అందులోంచి తొట్టి కాపీని తీసేశాను. గోడలు, మెట్లు పోయి నీళ్ల ఆకారం మిగిలింది. దాని ఘనపరిమాణం అడిగితే ఎన్ని లీటర్లో తేలింది. అయినా నమ్మకం చాలక ఇంకోసారి చేశాను.

ఆదివారం నీళ్లు సరిగ్గా, తొట్టి గోడ మీద నాయనమ్మ నడుము ఎత్తున నేను గీసిన ఎర్రరంగు గీత దగ్గర ఆగాయి. హమ్మయ్య అనుకున్నాను. అంతలో పాస్టరు గారు, సాయానికి మరో పెద్దాయన తొట్టిలోకి దిగారు. నీళ్లు నాలుగు వేళ్లు పైకి లేచి గీత మునిగిపోయింది. మనుషులు దిగితే నీళ్లు లేస్తాయన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

తొట్టి అంచు దగ్గర నాయనమ్మ ఆగిపోయింది. "గీత ఏది బిడ్డా?"

ఆమె చేతులు చీర కుచ్చిళ్ల మీదికి పోయాయి. మళ్లీ వెనక్కి తిరుగుతుందనుకున్నాను.

"అయ్యగారూ, మీరిద్దరు బయటికి రండి. జల్దీ!" అని అరిచేశాను. సంఘమంతా నవ్వింది. పాపం, తడిబట్టలతోనే వాళ్లు పైకి వచ్చారు. గీత మళ్లీ కనిపించింది.

"నువ్ సన్నగున్నవ్. నువ్ రా," అంది నాయనమ్మ.

కొత్త చుడీదార్‌తోనే దిగి చేయి అందించాను. మేమిద్దరం దిగాక గీత మళ్లీ మునిగే ఉంటుంది. ఆమె కిందికి చూడలేదు, నన్నే చూసింది. పాస్టరు గారు అంచు మీద మోకరించి, ఆమె తల మీద చేయి పెట్టి ముంచారు. నా మణికట్టు విరిగేంతగా పట్టుకుంది.

ఆ రోజు తడిజుట్టుతోనే వచ్చి నా పక్కన కూర్చుంది. పళ్లెం వచ్చింది. నేను అలవాటుగా చేయి చాపాను.

"ఆగు," అంది. ముందు తను తీసుకుంది.