ఎడమకాలు ముందు

నలభై ఆరేళ్ళ వయసులో గుర్రపు స్వారీ నేర్చుకోవడానికి వారం రోజులు పోతున్నానని చెప్పగానే మా వదిన పోపు గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"స్కూటరే తోలలేక పడితివి. ఇంక గుర్రం తోల్తావా మ్మే?"

"తోల్తా."

"పడితే?"

"పడితే లేస్తా. నువ్వు పోయి పోపు మాడకుండా సూసుకో."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి బళ్ళో పిల్లలకూ తెలుసు, స్టాఫ్ రూంలో వాళ్ళకూ తెలుసు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఇంతవరకూ జవాబు చెప్పలేదు, ఇక్కడా చెప్పబోవడం లేదు. తిరుపతిలో నాయన, అన్న, వదిన, నేను ఒకే ఇంట్లో ఉంటాం. నాదంటూ నాకున్నది ఒక స్కూటర్. పదకొండేళ్ళు దాని మీదే పుత్తూరు రోడ్డులో ఉన్న మా బడికి పోయి వచ్చాను. సంతకు, బ్యాంకుకు, కార్వేటినగరంలో స్నేహితురాలి ఇంటికి, ఎక్కడికైనా సరే ఎవరినీ అడగకుండా పోయేదాన్ని. చీర కొంగు నడుముకు దోపి, హెల్మెట్ పెట్టుకుని వీధి దాటితే చాలు, నా అంతటి మహారాణి ఇంకొకతె లేదు.

ఏడాదిన్నర కిందట నాయనను వెనక కూర్చోబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాను. మా వీధి మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు సగానికి ఇసుక పోశారు. అందులో చక్రం జారింది. నాకు మోకాలు గీరుకుంది. నాయనకు కుడి భుజం విరిగింది.

అది మామూలు భుజం కాదు. ముప్పై ఏళ్ళు స్వామి వాహనాలు మోసిన భుజం. ఉత్సవాల్లో స్వామి గుర్రమెక్కే రోజు నాయనకు పెద్ద పండగ. చెక్కగుర్రం, దాని మీద స్వామి, పక్కన అర్చకులు, పైన గొడుగులు. ఆ బరువంతా మోసే దూలాల్లో కుడివైపు మొదటిదాని కింద మా నాయన. చిన్నప్పుడు అందరూ తలెత్తి గుర్రాన్ని చూస్తుంటే నేను తల దించుకుని దాని కింద నాయన పాదాలను వెతుక్కునేదాన్ని. దూలం ఒరుసుకుని ఒరుసుకుని ఆ భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. సరిగ్గా దాని పక్కనే ఎముక విరిగింది. ఆ ఏడు గుర్రం వాహనం వీధిలోకి వచ్చినప్పుడు నాయన జనంలో నిలబడి దండం పెట్టుకున్నాడు. నేను ఆయన పక్కన నిలబడలేక ఇంటికి వచ్చేశాను.

ఇసుక పోసినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందరూ నన్నే అన్నారు. "ఆడదాని చేతికి బండి ఇస్తే ఇంతే" అన్నవాళ్ళలో నా చేత లెక్కలు చెప్పించుకుని పాసైనవాళ్ళు కూడా ఉన్నారు. అన్న ఆ వారంలోనే స్కూటర్ అమ్మేస్తానన్నాడు. నాయన మాత్రం ఏమీ అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే గోడ మేకుకు ఉన్న స్కూటర్ తాళంచెవి తీసుకుని, ఎడమచేత్తో తంటాలు పడి తన మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికి పోయినా అది ఆయన ఒంటి మీదే ఉండేది.

అప్పటి నుంచి అన్న నన్ను బస్టాండు దగ్గర దింపేవాడు, సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవాడు. బజారుకు పోవాలంటే ముందురోజే చెప్పాలి. స్నేహితురాలి ఇంటికి పోవాలంటే "ఇప్పుడంత అర్జెంటేముండాది?" అనే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి. కడుపు మండిపోయేది. మా నాయన తాళంచెవి దాచేశాడని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఈ వేసవి సెలవులకు ముందు అన్న బాంబు పేల్చాడు. స్కూటర్ కొనే మనిషి దొరికాడట. నాయన తాళం ఇవ్వకపోయినా పర్వాలేదు, లాకు మార్పించుకుంటానన్నాడట. బడి తెరిచేలోపు బేరం తెగిపోవాలట. ఆ మాట విన్న పూట నాకు అన్నం దిగలేదు. వడమాలపేట దాటాక ఒక మామిడితోట గేటుకు గుర్రపు స్వారీ నేర్పబడును అనే బోర్డు ఉంటుంది. ఏడాదిన్నరగా బస్సు కిటికీలోంచి దాన్ని రోజూ చూస్తున్నాను. వారం రోజులు అక్కడే ఉండి నేర్చుకోవచ్చట. స్కూటర్ ఎక్కనివ్వనివాళ్ళు గుర్రమెక్కితే ఏం చేస్తారో చూద్దామని ఆ నంబరుకు ఫోన్ చేశాను.

అక్కడ ఆరు గుర్రాలు, వాటి మంచిచెడ్డలు చూసే ఒక పెద్దాయన. కుర్రతనంలో చెన్నపట్నంలో పందెపు గుర్రాల దగ్గర పనిచేశాడట, మాటకు ముందో వెనకో ఒక "సరి" ఉంటుంది. నాకు ఎర్రటి ఆడగుర్రాన్ని చూపించాడు. అది పదేళ్ళు పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగిన గుర్రం. డప్పులకూ టపాకాయలకూ చెవి కూడా కదపదు.

"ఎక్కేదెప్పుడు?" అన్నాను.

"సరి, టీచరమ్మకు తొందరగా ఉండాది. ముందు లద్దె ఎత్తు. ఒళ్ళు రుద్దు. డెక్కలు తుడువు. నువ్వెవరో దానికి తెలియాల గదా."

మొదటి రోజంతా గంపలతో లద్దె ఎత్తాను. రెండో రోజు తెల్లారి, ఎండ ముదరకముందే జీను కట్టి "ఎక్కు" అన్నాడు. నేను చెప్పులు విడిచి, గుర్రం మెడ తాకి చేతులు కళ్ళకద్దుకున్నాను. మరి మా ఇంట్లో గుర్రమంటే స్వామి ఎక్కేది.

"చెప్పులు ఇడిస్తే కాలు నుజ్జవతాది. బూట్లు ఏసుకో తల్లీ" అని నెత్తి కొట్టుకున్నాడు.

బూట్లు వేసుకుని, జీనుకు వేలాడే రికాబులో కాలు పెట్టాను, కుడికాలు. కొత్త ఇంట్లోకైనా, కొత్త బడిలోకైనా, పరీక్ష హాల్లోకైనా నాయన నన్ను కుడికాలు పెట్టించే పంపాడు. నలభై ఆరేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కుడికాలి మీద లేచి, ఎడమకాలు అవతలికి వేసి, దర్జాగా కూర్చున్నాను. చూద్దును కదా, పగ్గాలు లేవు, తల లేదు. నా ముందు తోక ఉంది.

పెద్దాయన మామిడిచెట్టు పట్టుకుని మరీ నవ్వాడు. "ఎడమకాలమ్మా, ఎడమకాలు ముందు! కుడికాలు పెడితే తోకతో మాట్లాడుకుంటా పోవాల్సిందే."

దిగి, ఎడమకాలు పెట్టి ఎక్కాను. అపచారమేమీ జరగలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు. అంత ఎత్తు నుంచి చూస్తే బెంగుళూరా మామిడికాయలు సరిగ్గా నా చెవుల దగ్గర వేలాడుతున్నాయి. ఇన్నేళ్ళూ మా ఇంటివాళ్ళు గుర్రాన్ని మోశారు, ఇప్పుడొక గుర్రం మా ఇంటిదాన్ని మోస్తోంది అనుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాలుగో రోజుకు ఒళ్ళు హూనమైంది. తొడలు కందిపోయి మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. రోజూ సాయంత్రం వదిన ఫోన్.

"ఎముకలన్నీ ఉండాయా?"

"లెక్కపెట్టినా. రెండొందల ఆరూ ఉండాయి."

"పాపం, మామయ్య రెండుసార్లు అడిగినాడు నువ్వెప్పుడొస్తావని."

"ఆదివారం వస్తానని చెప్పు. బండి మీద చెయ్యి పడకూడదని మీ ఆయనకు కూడా చెప్పు."

ఐదో రోజు పడ్డాను. పరుగు నేర్పుతున్నాడు పెద్దాయన. తోట కంచె మీద ఎవరో ఆరేసిన యూరియా సంచి గాలికి టపటపమంది. టపాకాయలకు బెదరని నా గుర్రం ఆ సంచికి బెదిరింది. అది పక్కకు దూకింది, నేను దూకలేదు. దుక్కి దున్నిన మట్టిలో వెల్లకిలా పడ్డాను. నొప్పి కంటే ముందు ఇసుక గుర్తొచ్చింది. నాయన "అమ్మా" అని అరిచిన అరుపు గుర్తొచ్చింది.

"ఎముక ఇరిగిందా?" అన్నాడు పెద్దాయన, పగ్గాలు పట్టుకుని వచ్చి.

"లేదు."

"సరి. లేసి ఎక్కు."

"రేపు ఎక్కుతా."

"రేపు నువ్వు మూట సర్దుకుంటావు. శానామందిని చూసినా."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మట్టిలో కూర్చునే ఆయన మీద అరిచాను. నీకేం తెలుసన్నాను. ఇసుక, భుజం, మొలతాడుకు కట్టిన తాళంచెవి, బండిని బేరం పెట్టిన అన్న, అంతా కక్కేశాను. ముక్కు చీదుకుంటూ చెప్పాను. ఆయన గుర్రం మెడ నిమురుతూ చివరిదాకా విన్నాడు.

"బండికి తాళాలు రెండిస్తారు గదా టీచరమ్మా. రెండోది యాడుండాది?"

ఏడాదిన్నరగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంట్లో అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. ఆ రెండోది నా బీరువాలో, పట్టుచీరల కింద, పాత గాజుల పెట్టెలో ఉంది. అందరూ ఊరికి పోయిన రోజు ఒకసారి దాన్ని తీసి స్కూటర్ దాకా పోయాను. నాయన అరుపు చెవిలో మోగి, తాళం పెట్టలేక, వెనక్కి తెచ్చి పెట్టెలో పెట్టేశాను. నన్ను ఆపింది నాయన కాదు. ఆయన మొలతాడును అడ్డం పెట్టుకుని నేను దాక్కున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

లేచి ఒంటిమీద మట్టి దులుపుకున్నాను. ఎడమకాలు రికాబులో పెట్టి ఎక్కాను. ఆ యూరియా సంచి పక్కనుంచి మూడుసార్లు పోయి వచ్చాను. మూడోసారికి గుర్రం చెవి కదపలేదు.

ఆదివారం అన్న కారు తెస్తానంటే వద్దని బస్సులో వచ్చాను. ఇల్లు చేరి, సంచి గుమ్మంలోనే పడేసి, బీరువా తెరిచి, గాజుల పెట్టెలోంచి తాళంచెవి తీశాను. స్కూటర్ మీద వేలెడు దుమ్ము. సైకిల్ పంపుతో చక్రాలకు గాలి కొట్టాను. సీసాతో పెట్రోలు తెచ్చి పోశాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. పది కొట్టాను, పదిహేను కొట్టాను. ఆ చప్పుడుకు వదిన వచ్చింది, అన్న కిటికీలోంచి "ఏం జేస్తా ఉండావు?" అని అరిచాడు. గుర్రాన్ని తోలొచ్చిన కాళ్ళు ఆగుతాయా? ఇంకొక్కటి కొట్టాను. దగ్గి, పొగ కక్కి, స్టార్టయింది.

నాయన బయటికి వచ్చాడు. నన్ను చూడలేదు. ముందు ఆయన చెయ్యి నడుం దగ్గరికి పోయి పంచె పైనుంచి తడుముకుంది. తాళంచెవి అక్కడే ఉంది. అప్పుడు నా వైపు చూశాడు.

"అది యాడిది?"

"రెండోది నాయనా."

"ఎప్పట్నుంచి ఉండాది నీకాడ?"

"మొదట్నుంచీ."

మొలతాడు ముడి విప్పసాగాడు. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా లేవదు, అయినా రెండు చేతులతోనే విప్పాడు.

"ఇది నాకాడ లేకపోయుంటే మీ అన్న ఆ వారమే అమ్మేసుండును. నీకోసరమే కట్టుకున్నా పాపా. ఎప్పుడడుగుతావా, ఇచ్చేద్దామా అని సూస్తా ఉన్నా. ఊరంతా చెప్పినావంట నాయన దాచేసినాడని. నన్ను ఒక్కసారన్నా అడిగితివా?"

అడగలేదు. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఎక్కడ ఇచ్చేస్తాడోనని అడగలేదు.

"భయపడినా నాయనా" అన్నాను. ఆ మాట ఇంట్లో పైకి అనడం అదే మొదలు.

"నేను మటుకు భయపడలేదా?" అన్నాడు.

తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు. అది ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది. వెనక సీటు మీది దుమ్ము చేత్తో దులిపి, "కూచుంటావా?" అన్నాను.

"ముందు నువ్వొక్కదానివే ఒక సుట్టు సుట్టి రా. వచ్చినాక కూచుంటా."

"కొనేవాళ్ళు రేప్పొద్దున వస్తా ఉండారు!" అన్నాడు అన్న కిటికీలోంచి.

"రానీ, కాఫీ ఇచ్చి పంపించు" అని, అన్న ఉన్న కిటికీ కిందే ఇంజన్ను ఒకసారి గట్టిగా రంయ్‌మనిపించి, గేటు దాటించాను.