నాయిన తాడు, మామ చెయ్యి

మా చిన్నప్పుడు... ఇరవై దాటిన పిల్లకు అప్పుడే చిన్నప్పుడేంటని నవ్వకండి. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఆరో తరగతి. ఒకరోజు బడి వెనక గుట్ట మీద, మా నాయిన తాడు ఒళ్లో పెట్టుకొని "నేను దిగ" అని కూర్చున్నాడు. క్లాసు క్లాసంతా నా మొహమే చూసింది...

మేం నల్లమల చెంచులం. మాది అమ్రాబాద్ అడవిలో ఒక పెంట. ముక్కు మూసుకోకండి, మా దగ్గర ఊరిని అలాగే అంటారు. బడి మాత్రం మండలంలో. హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని.

మా సోషల్ సారుది హాలియా. కాలువ కింద వరి మళ్లలో పెరిగిన మనిషి కదా, అడవంటే తెగ మోజు. "కొండల్ల ఉండేటోళ్ల పనితనం పుస్తకంల చదివితే ఏమొస్తది? చేసెటోళ్లే వచ్చి నేర్పాలె" అని, ఎవరింట్లో ఏం చేస్తారని అడిగారు.

నేనెందుకు ఊరుకుంటాను... "మా నాయిన తాడు పేనుతడు సార్. గా తాడు పట్టుకొని కొండకు యాలాడి తేనె తీస్తడు" అన్నాను.

వెనక బెంచీ యాదగిరి "అబద్ధం" అన్నాడు.

"సూస్తవు తియ్!" అన్నాను. అంతే, నా పరువంతా పోయి ఆ తాడు కొసకు వేలాడింది.

సారు కబురు పెడితే నాయిన వచ్చాడు. భుజం మీద అడ్డతీగ నార మోపు, వెనక అమ్మ. పిల్లలందర్నీ వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టి, నార పాయలు పంచాడు. తొడ మీద పెట్టి అరచేత్తో తిప్పుతూ పేనాలి. మొదట్లో అందరి తొడలూ ఎర్రబడ్డాయి, ఒక్కరి తాడూ నిలబడలేదు.

"గుంజకు బిడ్డా, తిప్పు. గుంజితే తెగుతది" అంటూ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని నేర్పాడు. నా పక్కన కూర్చునే రుబీనా పేనింది చూసి "నీ చెయ్యి మంచిగున్నదమ్మా" అన్నాడు. దాని మొహం వెలిగిపోయింది. నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది, దాచుకోవడం దేనికి.

మధ్యాహ్నానికి పాయలన్నీ కలిపి లావుపాటి తాడు చేశాడు. నాయిన దిగి చూపిస్తాడని అందరం గుట్ట మీదికి పోయాం. పెద్ద గుట్టేం కాదు, కానీ ఒక పక్క బండ నిలువుగా ఉంటుంది. నాయిన తాడు చెట్టుకు కట్టాడు, రెండుసార్లు లాగి చూశాడు... తర్వాత చతికిలబడ్డాడు.

"నీ తమ్ముడు రాలే గదా" అన్నాడు అమ్మ వైపు చూసి. అంటే మా మామ.

మా పీటీ సారు మంచి కండలున్న మనిషి. "నేను పట్టుకుంట, దిగు పెద్దమనిషీ" అన్నాడు.

"వద్దు సారూ. చెట్టుకు కట్టినా పైన మనిషి ఉండాలె. గా మనిషి బామ్మర్దే అయుండాలె. నేను పడితే మీకేం పోతది? వానికైతే అక్క బతుకు ఆగమైతది. అందుకే వాడు పానం పెట్టి పట్టుకుంటడు."

సోషల్ సారు ముచ్చటపడి నవ్వారు. యాదగిరి మాత్రం "భయమైతాంది" అని గొణిగాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఒక్కసారి దిగితే ఏమైతది నాయినా?" అన్నాను. నాయిన కదల్లేదు.

అసలు సంగతేంటంటే, మామకూ నాయినకూ మాటల్లేవు. మామ కుక్క రాజుగాడు మా కోడిపెట్టను తిన్నాడు. నాయిన కట్టె విసిరితే వాడు కుంటుకుంటూ పోయాడు. పెట్ట గొప్పదా, కుక్క గొప్పదా అని మొదలై, ఎండాకాలం మొత్తం ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

అప్పుడు అమ్మ మెల్లగా చెప్పింది. "ఆడు పొద్దుగాల్నే వచ్చిండు. గేటు కాడ కూసున్నడు. నువ్వు పిలిస్తేనే వస్తడట."

గుట్ట మీంచి చూస్తే నిజమే... మామ గేటు పక్కన బీడీ తాగుతూ, మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కన రాజుగాడు.

నాయిన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. పిలుస్తాడా, పిలవడా... ఇంత మందిలో ఆ ఒక్క పిలుపు రాకపోతే నేను రేపు బడిలో తల ఎత్తగలనా?

"ఓ రాజుగా! దా, దా!"

మామను కాదండీ, కుక్కను పిలిచాడు!

రాజుగాడు తోక ఊపుకుంటూ గుట్టెక్కాడు. వాణ్ని తిట్టుకుంటూ వెనకాలే మామ కూడా ఎక్కాడు. ఎవరి మొహమూ చూడలేదు. తాడు మొత్తం వేళ్లతో తడిమి, ఒక్కచోట ఆగి, "గీడ వదులున్నది" అని గట్టిగా ముడేశాడు. నడుముకు చుట్టుకొని కాళ్లు బండకు తన్నిపెట్టాడు.

నాయిన అంచు దాటాడు. తల కూడా కనపడకుండా పోయాక కిందనుంచి గొంతు వచ్చింది.

"పట్టినవా?"

మామ తాడు నడుముకు ఇంకో చుట్టు బిగించాడు. తర్వాత పెద్దగా అన్నాడు... "పట్టిన బావా! ఎడమకాలు ఎయ్యి!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది యాదగిరే. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనైతే ఆ రోజు గుట్టంత ఎత్తు పెరిగాను.

ఇప్పుడు నా కాపురం జడ్చర్లలో. మా ఆయన మందుల కంపెనీలో చేస్తాడు. శనివారాలు నేనే దగ్గర్లోని బడికి పోయి పిల్లలకు తాడు పేనడం నేర్పుతాను. నార మా అన్న బస్సులో వేసి పంపుతాడు. తాడు పూర్తయ్యాక "మరి ఎవరు పట్టుకుంటరు?" అని అడిగితే పిల్లలు తెల్లమొహాలు వేస్తారు. "హుక్కుకు తగిలిస్తే అయిపాయె గదా టీచర్" అన్నాడొకడు. వాడి తప్పేం లేదు. మా పెంటలోకీ నైలాన్ తాళ్లు వచ్చేశాయి.

నాయినకు మోకాళ్లు పోయాయి, తాడు పట్టుకొని కొండ దిగి చాలా ఏళ్లయింది. కానీ మామ రోజూ పొద్దున్నే వస్తాడట. నాయిన మంచం దిగుతుంటే చెయ్యందించి, "పట్టిన బావా" అంటాడట. ఫోన్లో అమ్మ చెబుతుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి...

మీ ఇంట్లో ఎవరి తాడు ఎవరు పట్టేవాళ్లు? రాయండి, అన్నీ చదువుతాను. ఒకవేళ ఆ మనిషితో మీకు మాటల్లేకపోతే మాత్రం రాయడం తర్వాత... ముందు పిలవండి. నోరు రాకపోతే, వాళ్ల కుక్కనైనా పిలవండి.