లోవరాజుగారి పులి నడక

లోవరాజుగారు యానాంలో మా ఆఫీసులో ముప్పై రెండేళ్ళు అటెండరుగా పనిచేశారు. ఇప్పుడు గారు అంటున్నాను గాని, ఆయన నా టేబుల్ పక్కన నిలబడి ఫైళ్ళు అందించినన్నాళ్ళూ నా నోటికి ఆ మాట రాలేదు. నాకన్నా పదేళ్ళు పెద్దాయన్ని పట్టుకుని "లోవరాజూ, టీ చెప్పు" అనేదాన్ని. ఇలాంటివి నా ఖాతాలో చాలా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది చెప్పేస్తే కాస్త తేలికపడతానేమోనని ఇది రాస్తున్నాను.

దసరా వచ్చిందంటే ఆయన అటెండరు కాదు, పులి. తొమ్మిది రోజులు సెలవు పెట్టి, నీచు మానేసి, చెప్పులు విడిచేసేవారు. పదో రోజు పొద్దున్నే మెట్టకూరులో ఆయన ఇంటి అరుగు మీద నిలబెట్టి రంగులు వేసేవాళ్ళు. పసుపు పూసి నల్ల చారలు దిద్దడానికి నాలుగు గంటలు పట్టేది. ఆరేదాకా కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు. ఆ తరవాత డప్పుల వెనకాల వీధివీధీ తిరిగి మా ఇంటి ముందుకూ వచ్చేవారు. నాలుగు కాళ్ళ మీద నడిచి వచ్చి నేల మీద పెట్టిన నిమ్మకాయని పళ్ళతో అందుకునేవారు. నేను బాల్కనీలోంచి చూసి, "మా లోవరాజే" అని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పేదాన్ని.

మొన్న ఫిబ్రవరి ఆఖరున ఆయన రిటైరయ్యారు. సూపరింటెండెంటు కృష్ణమూర్తిగారు మంచి హుషారు మీద ఉన్నారు. "అందరికీ గోడగడియారమే ఇస్తున్నాం. నీకేం కావాలో నువ్వే చెప్పు లోవరాజూ" అన్నారు.

లోవరాజుగారు భుజం మీద తువ్వాలు తీసి కాసేపు నలిపారు. "పులిని సూడాలండి. అడివిలో నడిసే పులిని."

అందరం నవ్వాం. మా స్టెనో వీణ, "ఏటా అద్దంలో చూసుకుంటున్నావుగా" అంది. ఆయన కూడా నవ్వారు.

"కాకినాడ పోటీల్లో ఓసారి జడ్జిగారు పులి అలా నడవదన్నారండి. మా గురువు నేర్పిన నడకండి అది. ఏ వైపు చెయ్యి తీత్తే, ఆ వైపు కాలే ఆ జాగాలో పడాలనేవోడు. ఆయన మాత్రం పులిని సూశాడా ఏంటి. నలబై ఏళ్ళు ఏశాను. కరెస్టో కాదో తెలీదండి."

"టీవీలో చూడొచ్చు కదా?" అన్నాను నేను, పెద్ద తెలివైనదానిలాగ.

"సూశానండి. దూకడమే సూపిత్తారు. లేపోతే గడ్డిలో ఉంటది, కాళ్ళు కనపడవు. ఇశాపట్నం జూకి మూడుసార్లు ఎల్లాను. మూడుసార్లూ పడుకునే ఉందండి."

కృష్ణమూర్తిగారు టేబుల్ మీద చరిచి, మేలో అందరం కలిసి వెళ్దామన్నారు. ఆ పని నా నెత్తిన పెట్టారు. ఆఫీసులో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా రైళ్ళు, గదులు చూసిపెట్టేది నేనే. అదొక గర్వం నాకు. రెండు రోజులు కూర్చుని మహారాష్ట్రలోని తాడోబా అడవి ఖాయం చేశాను. ఎండాకాలం నీళ్ళ మడుగుల దగ్గరికి పులులు వస్తాయని, పొద్దున్న సఫారీ మంచిదని, ఒక జిప్సీ జీపులో ఆరుగురే ఎక్కాలని, అందరి పేర్లూ వయసులూ గుర్తింపు కార్డుల నంబర్లూ ముందే ఇవ్వాలని నోటుపుస్తకంలో రాసుకున్నాను. కృష్ణమూర్తిగారి దంపతులు, వీణ దంపతులు, నేను, లోవరాజుగారు. సరిగ్గా ఆరుగురం. మా ఆయన, జంతువుల్ని చూడ్డానికి అంత దూరం రానని ముందే చెప్పేశాడు.

అందరికన్నా ముందు ఆధార్ జిరాక్సు తెచ్చిచ్చింది లోవరాజుగారే. తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చారు. అడవిలో మెరిసే రంగులు కట్టుకోకూడదని నేనంటే, మర్నాడే ముదురాకుపచ్చ చొక్కా కొనుక్కుని, వేసుకొచ్చి చూపించారు. "ఇది పనికొత్తాదాండి?" అన్నారు. పనికొస్తుందన్నాను.

ఇంకా డబ్బు కట్టకముందే ఒకరోజు కృష్ణమూర్తిగారు నన్ను గదిలోకి పిలిచారు. కాకినాడలో వాళ్ళ బావగారున్నారట. అరవై ఎనిమిదేళ్ళాయన, ఎన్నాళ్ళనుంచో పులి సఫారీ అంటున్నారట. "ఒక్క సీటు చూడు కామేశ్వరీ. ఎలాగోలా నువ్వే సర్దు" అన్నారు. ఆ రోజుకి మిగతా జిప్సీలన్నీ నిండిపోయాయి. ఆ సంగతి చెప్పాను. ఆయన టేబుల్ మీద బదిలీల ఫైలు ఉంది. యానాంలో ఉద్యోగం చేసేవాళ్ళకి పుదుచ్చేరి బదిలీ అంటే ఎంత భయమో వేరే చెప్పక్కర్లేదు.

కానీ అది సాకు. ఆయన లోవరాజుగారి పేరు ఎత్తనే లేదు. సర్దమన్నారు, నేను సర్దాను. నా పేరే తీసేసుకోవచ్చు కదా అని ఇవాళ అనిపిస్తోంది గాని, ఆ రోజు ఆ ఊహ కూడా రాలేదు. ఎవరిదో ఒకరిది తియ్యాలంటే నా చెయ్యి తిన్నగా లోవరాజుగారి పేరు మీదకే వెళ్ళింది. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన వచ్చి అడిగినప్పుడు కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాను. "అరవై నిండినవాళ్ళకి జీపు సఫారీ లేదంట లోవరాజూ. కొత్త రూలు."

ఆయన ముఖం మాడిపోలేదు. మాడినా బాగుండేది. "ఆయ్. పోయినేడే ఎల్లాల్సిందండి. మనదే లేటు" అన్నారు. వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "నా మూలంగా మీరు మానుకోకండి" అన్నారు. తరవాత తెలిసింది, ఆ రూలు మెట్టకూరంతా చెప్పారట. అడవిలో పెద్దవాళ్ళకి ఎండదెబ్బ తగులుతుందని ప్రభుత్వం మంచికే పెట్టిందని నన్ను వెనకేసుకొచ్చారట.

ప్రయాణానికి ముందురోజు ఆఫీసుకి వచ్చారు. ఒంటి మీద ఆ ఆకుపచ్చ చొక్కాయే. "ఒక్క సాయం చెయ్యండి మేడంగారూ. పులి నడుత్తుంటే ముఖం సూడకండి. కాళ్ళు సూడండి. ముందు చెయ్యి తీసినాక ఎనక ఏ కాలు పడతాదో, అదొక్కటి సూసి సెప్పండి సాలు." తప్పకుండా చూస్తానన్నాను.

మాకు పులి కనబడింది. పొద్దున్న ఏడున్నరకి మా జిప్సీ ముందే దారి దాటింది. అందరూ లేచి నిలబడ్డారు. నేను ఫోను తియ్యబోతే నా కళ్ళజోడు జారి సీటు కింద పడింది. అది వెతుక్కుని తలెత్తేసరికి పులి తోక మాత్రం పొదల్లోకి పోతోంది. కాళ్ళ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పక్కనున్న వీణని అడుగుదామంటే సిగ్గేసింది.

సోమవారం పది కాకుండానే లోవరాజుగారు వరండాలో ఉన్నారు. "కనపడిందంట కదండీ" అన్నారు. కనపడిందన్నాను. "కాళ్ళు సూశారాండి?"

చూశానన్నాను.

ఆయన తువ్వాలు పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని వంగి, వరండా గచ్చు మీద నాలుగు కాళ్ళ మీద నిలబడ్డారు. ఆఫీసుకి పనిమీద వచ్చినవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఎడమ చెయ్యి తీసి, ఆ జాగాలోనే ఎడమ కాలు పెట్టి నాలుగడుగులు నడిచారు. "ఇలాగాండి?" వెనక్కి తిరిగి కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిపి నడిచారు, పసిపిల్లలు పాకినట్టు. "ఇలాగాండి?" ఆయనకి ఆయాసం వస్తోంది. నుదుటి మీద చెమట.

ఆయన్ని త్వరగా లేపాలి, అంతే అనుకున్నాను. "రెండోది" అన్నాను.

ఆయన లేవలేదు. అలాగే గచ్చు మీద కూలబడి, గోడకి ఆనుకున్నారు. "అయితే జడ్జిగారే కరెస్టు. నలబై ఏళ్ళూ తప్పే ఏశానన్నమాట. మా గురువుకి తెలీదు, పాపం" అన్నారు. చెయ్యిచ్చి లేపబోతే, "పోన్లెండి, ఇప్పుడైనా తెలిసింది మీ దయవల్ల" అని దణ్ణం పెట్టారు.

ఆ సాయంత్రం వీణ గ్రూపులో వీడియో పెట్టింది. పులి నింపాదిగా దారి దాటుతోంది. నాలుగు కాళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. ఎడమ ముందుకాలు లేచిన చోటే ఎడమ వెనకకాలు పడింది. తరవాత కుడి, కుడి. అచ్చం లోవరాజుగారి నడక. అదే వీడియోలో, ముందు సీట్లో బావగారి తెల్ల జుట్టు, వెనకనుంచి కృష్ణమూర్తిగారి గొంతు. "అరవై ఎనిమిదేళ్ళకి ప్రాప్తం కలిగింది బావగారూ."

ఆ వీడియో ఆయనకి చూపిస్తే గురువూ గెలుస్తాడు, నలభై ఏళ్ళూ గెలుస్తాయి. నేను అయిపోతాను. గొంతు తీసేసి, పులివరకే కత్తిరించి చూపించవచ్చని మా ఆయన అన్నాడు. అప్పుడైనా, నేను కాళ్ళు చూడలేదని ఒప్పుకోవాలి కదా. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ వానాకాలం గడిపేశాను.

దసరాకి ఆయన వేషం వెయ్యలేదు. మోకాళ్ళు సహకరించడం లేదట. వాళ్ళ పేట కుర్రాళ్ళు ఐదుగురికి నెలరోజులు నేర్పించారట. మా ఇంటి ముందు డప్పులు ఆగితే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వీధి నిండా జనం. ఐదు పులులు కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిపి వచ్చాయి. పక్కన ఆకుపచ్చ చొక్కాలో లోవరాజుగారు అడుగు చెబుతూ నడుస్తున్నారు. నన్ను చూసి జనానికి చూపించారు. "ఈ మేడంగారే అడివికెళ్ళి సూసొచ్చి సెప్పారండి అసలు నడక." తరవాత నన్ను అడిగారు, "సరిగ్గా వత్తందాండి?"

ఫోను నా చేతిలోనే ఉంది. నాలుగు మెట్లు దిగితే చాలు. వీధంతా నా వైపే చూస్తోంది.

"సరిగ్గానే ఉంది లోవరాజుగారూ" అన్నాను. ఆయన్ని గారు అనడం నేను అదే మొదటిసారి.

ఆయన మురిసిపోయి డప్పులవాళ్ళకి చెయ్యి ఊపారు. ఐదు పులులూ పసిపిల్లల్లా పాక్కుంటూ పక్కింటి ముందుకు వెళ్ళాయి.