తెర వెనక మంచంకోళ్లు

డెబ్బైల్లో సినిమా వ్యానుతో ఊళ్లు తిరుగుతూ, డాక్యుమెంటరీలకు మైకులో వ్యాఖ్యానం చెప్పేవాణ్ణి. మాది తెనాలి. ఓసారి పత్తి తీసే రోజుల్లో ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో, పొద్దుగూకగానే ఇరవై అడుగుల తెర కట్టి అంతరిక్షం బొమ్మ వేశాం. మగవాళ్లు తెర ముందు, ఆడవాళ్లు తెర వెనక కూర్చున్నారు. అక్కడ అదే పద్ధతిట. పల్చటి గుడ్డ కదా, రెండువైపులా కనిపిస్తుందిలే అని నేనూ ఊరుకున్నాను.

అక్కడివాళ్లు మంచంకోళ్లు అనే సప్తర్షి మండలం తెర నిండా పరుచుకోగానే వెనక నుంచి ఒక పెద్దావిడ లేచింది.

"ఓ సారూ! మంచంకోళ్లు ఉల్టా ఉన్నయి. గా మూడు చుక్కలు మంచానికి గీ దిక్కు ఎట్లొచ్చినయి?"

"ఇది సైంటిస్టులు తీసిన బొమ్మమ్మా, తప్పుండదు," అన్నాను మైకులో. మగవాళ్లు గొల్లున నవ్వారు.

"తెల్లారకముందు గవే సూసుకుంట పత్తి ఏర పోతం. నాకు తెల్వదా? జర ఇటొచ్చి సూడు."

వెళ్లి చూశాను. అద్దంలో చూసినట్టు చుక్కలన్నీ తిరగబడి ఉన్నాయి.

"తప్పు చుక్కలది కాదమ్మా. మిమ్మల్ని వెనక కూర్చోబెట్టాం, అందుకని," అన్నాను.

"అట్లయితే మమ్ముల ముంగట కూసోబెట్టున్రి," అంది.

మర్నాడు మెట్‌పల్లిలో ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టి మగవాళ్లను వెనక్కి పంపాను. మంచంకోళ్లు వచ్చాయి, పోయాయి. వెనక నుంచి ఒక్కరూ లేవలేదు. ఆట అయిపోయాక వాళ్లలో ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అన్ని చుక్కలు కరెక్టుగ సూపించిన్రు సార్!"