జంతిక తల మీద ఒట్టు

ఖర్జూరాన్ని వేళ్ళతో చీల్చి గింజ తీసేటప్పుడు ఒక వాసన వస్తుంది. బెల్లం పాకం కొంచెం మాడినట్టుంటుంది. అది తగిలితే అందరికీ నోరూరుతుందేమో, నేను మాత్రం దాన్ని నోట్లో పెట్టుకోలేను. మొన్న దోహా పక్కన అల్ వక్రాలో ఒక స్నేహితురాలింటికి పేరంటానికి వెళితే పళ్ళెం నిండా ఖర్జూరాలు పెట్టింది. ఒకటి తీసుకుని, గింజ తీసేసి, ఆ ఖాళీలో బొటనవేలితో ఏదో అదుముతూ కూర్చున్నానట. “ఏం చేస్తున్నావే? తినక దాన్నలా పిసుకుతావేం?” అని తను నవ్వింది. ఏం చెప్పను? మూడేళ్ళపాటు పొద్దునా సాయంత్రమూ ఖర్జూరంలో తెల్లటి మాత్ర దాచి నా కుక్కకు తినిపించాను. అలా దాచడం నేర్పినవాడు లచ్చన్న. జగిత్యాల దగ్గర పల్లెటూరు అతనిది. అతని గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. రాయాలంటే నేను చేసిన నిర్వాకం కూడా రాయాలి కదా, అందుకని ప్రతిసారీ లేచిపోయాను.

నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇంకా నాలుగేళ్ళుందనగా దోహా మొత్తం తవ్వి పోసి ఉండేది. పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. మా కంపెనీకి మనుషులు ఎంతమంది వచ్చినా చాలేవారు కాదు. ఉమ్ సలాల్ దాటాక మా లేబర్ క్యాంప్ ఉండేది, వారానికి రెండు రోజులు నా డ్యూటీ అక్కడి ఆఫీసులోనే. ఒక రోజు కిటికీ ముందు సిమెంటు సంచి పట్టుకుని ఒకాయన నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, చెవుల మీద వెంట్రుకలు నెరిసి ఉన్నాడు.

“మేడం, మీరు తెలుగోళ్ళంట గదా?”

“అవును. ఆ సంచిలో ఏమిటి?”

“మీరు కోపం గాకున్రి మరి.” సంచి మూతి కాస్త విప్పాడు. ఇసుక రంగు ముక్కు ఒకటి బయటికొచ్చింది. “క్యాంప్ల కుక్కలు ఉండద్దని బండి పిలిపిచ్చిండ్రు. దీని తల్లిని కొంచవోయిండ్రు. గిది నా బూట్ల పండుకున్నది, ఎవ్వలకు కానరాలే. మీ ఇల్లు పెద్దగుంటదని ఎవ్వలో చెప్పిండ్రు.”

మా ఇల్లేం పెద్దది కాదు. అల్ హిలాల్‌లో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిస్తే అందులో కింది వాటా మాది. వెనక చారెడు పెరడు. పిల్లలు లేరు. మా ఆయన “కుక్కా? నీకేమైనా పిచ్చి పట్టిందా?” అన్నాడు కానీ రెండో రోజుకే దాన్ని ఒళ్ళో పెట్టుకుని టీవీ చూశాడు. తోక చుట్టుకుపోయి ఉండేది కాబట్టి జంతిక అని పేరు పెట్టాను. శుక్రవారం సెలవు రోజు బస్సెక్కి దాన్ని చూడటానికి వచ్చిన లచ్చన్న ఆ పేరు విని పకపకా నవ్వాడు. “జంతికేంది మేడం! మురుకు అనున్రి, నోటికి కమ్మగుంటది.” అప్పటినుంచి దానికి రెండు పేర్లు. వారం వారం అతను రావడం, దానికి స్నానం చేయించడం, నేను పెట్టిన టిఫిను మొహమాటపడుతూ తినడం మామూలైపోయింది. ఎత్తైన గోడల వెంట ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పని అతనిది. ఎంత ఎత్తు లచ్చన్నా అంటే “కింద నీడకు పనిజేసేటోళ్ళు చీమల లెక్క కనవడ్తరు మేడం” అనేవాడు.

జంతికకు ఏడాది నిండాక ఒక శుక్రవారం పొద్దున, వంటింటి గడపలో నిలబడ్డది నిలబడ్డట్టే పక్కకి ఒరిగిపోయింది. నాలుగు కాళ్ళూ కొయ్యబారాయి, దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. మా చిన్నప్పుడు పక్కింటి ఆవిడకు ఫిట్స్ వస్తే మా అమ్మమ్మ తాళం చెవులు తెచ్చి గుప్పిట్లో పెట్టేది. చదువుకున్నదాన్ని, ఆఫీసులో కూర్చుని వందల మందికి ఆరోగ్య కాగితాలు చూసేదాన్ని, ఇంటి తాళాల గుత్తి తెచ్చి కుక్క పంజా కింద దూర్చాను! మా ఆయన ఉల్లిపాయ తరిగి దాని ముక్కు దగ్గర పెట్టబోయాడు. అప్పుడే పెరట్లోకి వచ్చిన లచ్చన్న చెప్పులు విడవకుండానే లోపలికి ఉరికాడు.

“తాళాలు తియ్యున్రి మేడం, ఇనుముతోని ఏం గాదు. సారూ, నోటి కాడ చెయ్యి వెట్టకున్రి. లైటు బంద్ జేసి పర్దా గుంజున్రి.”

దాని తల కింద తన తువ్వాలు మడిచి పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాడు. వడ్ల బస్తాలు లెక్కపెట్టినట్టు గొంతు పెంచకుండా, తొందర లేకుండా ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాడు. ఎనభై ఆరు దగ్గర దాని కాళ్ళు వదులయ్యాయి. లేచి గోడలకు గుద్దుకుంటూ తిరుగుతుంటే నేను ఏడుస్తూ “జంతికా, జంతికా” అని వెంటపడ్డాను.

“పిలవకున్రి. ఇప్పుడు పేరు సుత యాదికుండదు. ఎక్కడున్ననో తెల్వక భయపడ్తది. కొద్దిసేపైతే అదే అస్తది.” కాసేపాగి, “నీళ్ళు వెట్టున్రి, నోరంత చేదుగుంటది” అన్నాడు.

“నీకెలా తెలుసు లచ్చన్నా ఇవన్నీ?”

“మా ఇంటికాడ మేక ఉండె, దానికి గిట్లనే అస్తుండె.”

మేక నోరు చేదుగా ఉందని ఎవరు చెప్పారని అడగాలన్న తెలివి నాకు లేకపోయింది.

ఆ తర్వాత ఏ ఇరవై రోజులకో ఒకసారి వచ్చేది. ఒకోసారి వరసగా రెండు. పశువుల డాక్టరు రక్తం తీశాడు, తలకు స్కాన్ తీయించాడు, అన్నీ బాగున్నాయన్నాడు. అన్నీ బాగుంటే ఇదెందుకు వస్తోందయ్యా అంటే, కారణం తెలియని మూర్ఛ అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నేను ఊరుకోలేదు. రోడ్డు తవ్వే మిషన్ల మోత వల్లనుకుని ఇంకో గదిలో పడుకోబెట్టాను. నేల తుడిచే మందు మార్చాను. అన్నం మానిపించాను, మళ్ళీ పెట్టాను. పక్క వాటావాళ్ళు ఏదో పెట్టి ఉంటారని వాళ్ళతో తగాదా కూడా పెట్టుకున్నాను. మా ఆయన నాతో మాట్లాడటానికే భయపడేవాడు. మాత్ర మింగించబోతే జంతిక ఉమ్మేసేది. ఒక శుక్రవారం లచ్చన్న నా చేతిలోంచి మాత్ర తీసుకుని, ఖర్జూరంలో అదిమి, దాని నోటికిచ్చి, నావైపు తిరిగాడు.

“ఎందుకని అడుగుడు బంద్ వెట్టున్రి మేడం. అడిగి అడిగి మీరే పీనుగైతున్నరు. గోళీ యాళ్ళకు ఇయ్యున్రి. అచ్చినప్పుడు పక్కన కూసోన్రి. గంతే. గా టైముల దానికి ఎవ్వలు గావాలె? పక్కన ఒకలు గావాలె.”

ఆ మాటతో నా ఇల్లు ఇల్లయింది. నిజంగానే అడగడం మానేశాను. లైటు ఆర్పి, కూర్చుని, లెక్కపెట్టేదాన్ని. ఇంత ఓపిక నాలో ఉందని నాకే తెలియదు. మా అమ్మ కూడా నాకు నేర్పలేకపోయిన పని అది.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం జంతికకు పెరట్లో స్నానం చేయిస్తూ లచ్చన్న పడిపోయాడు. బకెట్టు చప్పుడుకి వెళ్ళి చూస్తే, కుక్క ఎలా పడేదో అచ్చం అలాగే ఉన్నాడు. మేక కథ ఏమిటో అప్పుడర్థమైంది. సబ్బు నురగతో ఉన్న జంతిక అతని కాళ్ళ దగ్గర పడుకుని కదల్లేదు. నేను తల కింద నా చున్నీ పెట్టి, నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వకుండా, కూర్చుని లెక్కపెట్టాను. నూట పది. కళ్ళు తెరిచాక పేరు పెట్టి పిలవలేదు. అతనే వచ్చేదాకా ఆగాను.

తేరుకోగానే అతను చేసిన మొదటి పని చుట్టూ చూడటం. మా ఆయన ఇంట్లో లేడు. “ఎవ్వలన్న జూసిండ్రా?” అన్నాడు.

“నేనొక్కదాన్నే. ఎన్నాళ్ళుగా ఇది?”

“చిన్నప్పటి సంది. ఊరికెల్లి గోళీలు తెప్పిచ్చుకుంట, విటమిన్ డబ్బల పోసి పెట్టుకుంట. పైన నడుముకు బెల్టు ఉంటది, ఏం గాదు. గియ్యాల గోళీ తప్పిపోయింది.” నా చేతులు పట్టుకోబోయి, తడి చేతులని ఆగిపోయాడు. “మేడం, కంపెనీకి తెలిస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోల్తరు. ఇంటికాడ పిల్లర్ల మీద స్లాబు వడ్డది, గోడలు లేవలే. నా పెండ్లాం బిడ్డలు గా స్లాబు కింద గోడల తీర్గ చీరెలు అడ్డం కట్టుకుని ఉంటున్నరు. వరల్డ్ కప్ అయ్యేదాకనన్న ఉండనియ్యున్రి. మురుకు తలకాయ మీద ఒట్టు వెయ్యున్రి.”

తడిసిన దాని నెత్తి మీద చెయ్యి వేశాను. “ఒట్టు లచ్చన్నా, ఎవరికీ చెప్పను” అన్నాను.

తొమ్మిది రోజులు ఆగాను. తొమ్మిదే. రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో మంచెలు కనబడేవి, పైన మనిషి కనబడితే అతనేనేమోనని మెడ తిప్పి చూసేదాన్ని. బెల్టు తగిలించుకునే లోపు వస్తే? ఇంకొకడి మీద పడితే? ఆ భయం అబద్ధం కాదు. కానీ రేపు ఏదైనా జరిగితే ‘మీకు ముందే తెలుసట కదా’ అని నన్ను నిలదీస్తారన్న భయం కూడా పక్కనే ఉంది. రెంటిలో ఏది పెద్దదో నన్నడగకండి. పదో రోజు మేనేజరు గదిలోకి వెళ్ళాను. లచ్చన్న మంచివాడనీ, స్టోర్‌లోనో గేటు దగ్గరో కింద పనికి మార్చమనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, నాకు టీ కూడా తెప్పించాడు. “నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి” అన్నాడు. ఆ మాట పట్టుకుని నిశ్చింతగా ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. సిగ్గులేనిదాన్ని.

నాలుగో రోజున ఎగ్జిట్ కాగితం నా బల్ల మీదికే వచ్చింది, సంతకం చేయించమని. పరుగెత్తుకెళ్ళి “సార్, కింద పని అన్నారు కదా” అన్నాను. ఆయన కంప్యూటర్‌లోంచి తల తిప్పకుండా “అన్‌ఫిట్ మనిషిని ఎక్కడ పెట్టుకుంటాం? ఖలాస్. మీరు మంచి పనే చేశారు” అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. పెగల్లేదంటే అబద్ధం, పెగల్చలేదు. నా నౌకరీ గుర్తొచ్చింది. ఆ నెల భద్రత మీటింగులో నన్ను లేపి నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించారు.

లచ్చన్న కిటికీ దగ్గరికొచ్చి చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. నేను తలెత్తలేదు.

“మురుకు మంచిగున్నదా మేడం?”

“లచ్చన్నా, నీ ప్రాణం కోసమే...”

“నా పాణం నాకు తెల్వదా?” గొంతు పెంచలేదు. పెన్ను నావైపు జరిపాడు. “మురుక్కు సుత గిదే బీమారి గదా మేడం. దాన్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండ్రా?”

అతని వెనక వరసలో ఇంకా ఆరేడుగురున్నారు. తర్వాతివాడి కాగితాలు తీసుకున్నాను.

జంతిక వరల్డ్ కప్‌కు నెల రోజుల ముందు పోయింది. ఊరంతా జెండాలు కడుతున్నారు. ఆ మధ్యాహ్నం వచ్చిన మూర్ఛ ఆగలేదు. ఆరు వందలు దాటాక లెక్క తప్పాను, మా ఆయన కారు తీసేలోపు అయిపోయింది. మర్నాడు పాత కాగితాల్లో వెతికి లచ్చన్న ఇంటి నంబరుకు చేశాను. అతని భార్య ఎత్తి, గల్ఫ్ అంతా ఆమెకు దుబాయే కాబట్టి “దుబాయ్ కెల్లా?” అని అడిగి ఫోను అతనికిచ్చింది.

“జంతిక పోయింది లచ్చన్నా.”

వెనక మేకలు అరుస్తున్నాయి.

“పక్కన కూసున్నరా?”

“కూర్చున్నాను.”

“గంతే మేడం. ఉంట మరి.”

గోడలు లేచాయా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నేను ఉద్యోగం మానలేదు. ఈ మధ్య కాలంలో అలాంటివాళ్ళు ముగ్గురు నా కిటికీ దగ్గరికి వచ్చారు. ఇద్దరికి ఫిట్స్, ఒకతనికి గుండె. ముగ్గురికీ కింద పని ఇస్తున్నట్టు ముందు కాగితం రాయించుకున్నాను, ఆ తర్వాతే జబ్బు సంగతి చెప్పాను. మూడోసారి మేనేజరు ఇదీ జబ్బు సంగతేనని పసిగట్టి సంతకం పెట్టనంటే, అతన్ని పంపిస్తే నన్నూ పంపించండని బల్ల గుద్ది అరిచాను. ఆఫీసంతా లేచి చూసింది. ఆయన పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాడు. అంతే, ఒక్క అరుపు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. గెలిచినందుకు కాదు. లచ్చన్న కాగితం నా బల్ల మీదికొచ్చిన రోజు కూడా ఈ గొంతు నా దగ్గరే ఉంది.