సాంబా క్లాసులో మా ఊరి పాట

మా అమ్మాయి సాంబా డ్రమ్స్ నేర్చుకుంటానన్నప్పుడు, ఈకల కిరీటాలూ గంతులూ తప్ప అందులో ఏముందని సణిగాను. శనివారమైతే మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి క్లాసుకు నేనే దింపాలి మరి. ఒకరోజు వాళ్ల టీచర్, బ్రెజిల్ ఆవిడ, పిల్లలు పాడుతున్న పాటకు అర్థం చెప్పింది. ఓడరేవు కట్టడానికి తన అమ్మమ్మ ఉండే పేటను పడగొట్టారట. ఏ సందులో ఎవరుండేవారో పాట కట్టి, ఆ పేటవాళ్లు కార్నివాల్ పండగలో ఆడుతూ పాడారట. ఆ రోజుతో సణగడం మానేశాను.

అలాంటి పాట మాకూ ఉంది. మా ఊరు ప్రాజెక్టు కింద మునిగిన ఏడు, ఆడవాళ్లు ఒక్కో వాడనీ తలుచుకుంటూ బతుకమ్మ పాట కట్టారు. అప్పుడు మెడిసిన్ చదువుతున్న మా పెద్దమ్మే ముందుగా చరణం పాడేది. చుట్టూ తిరిగే మేమంతా 'ఉయ్యాలో' అని అందుకునేవాళ్లం. తర్వాత ఆమె డాక్టరుగా ఈ దేశం వచ్చింది, చాలా ఏళ్లకు నేనూ వచ్చాను. ఇక్కడి బతుకమ్మకు డీజే ఉంటాడు. ఆ పాట ఎవరికి కావాలి!

పిల్లలందరినీ ఎవరి ఊరి పాట వాళ్లు తెమ్మని టీచర్ చెప్పింది.

"అమ్మా, మనకి ఊరి సాంగ్ ఉందా?" అని అడిగింది మా అమ్మాయి.

ఉందన్నాను. కానీ ఊరు లేదు, ఆ పాట పూర్తిగా వచ్చినది పెద్దమ్మ ఒక్కతే. ఆమెకు ఏడాదిగా మతిమరుపు. చేసిన ఆలస్యం చాలని మర్నాడే ఎడిసన్‌లో వాళ్లింటికి వెళ్లాం. మా అమ్మాయి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, డ్రమ్ ముందేసుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, మన ఊరి పాట యాదికున్నదా? జర ఎత్తుకోవే" అన్నాను.

పెద్దమ్మ నవ్వింది, అంతే. మా అమ్మాయి మెల్లగా దరువు మొదలుపెట్టింది. ఇక లాభం లేదని నాకొచ్చిన ఒక్క చరణం నేనే ఎత్తుకున్నాను.

"తూరుపూ వాడంత కదిలె..."

పెద్దమ్మ కళ్లు మెరిశాయి. చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి.

"ఉయ్యాలో" అంది, శ్రుతి తప్పకుండా.

పాట గుర్తొచ్చేసిందనుకున్నాను. పెద్దమ్మ నావైపే చూస్తోంది, చప్పట్లు ఆపకుండా.

"ఆగినవేందే బిడ్డా? తర్వాతది పాడు."

నాకు తర్వాతది రాదు. మా అమ్మాయి దరువు ఆపలేదు. మళ్లీ ఆ తూరుపు వాడ చరణమే ఎత్తుకున్నాను. పెద్దమ్మ హుషారుగా "ఉయ్యాలో" అంది.