గాజు పలక మీద ఆరని చుక్క

తాండూరులోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో దంత విభాగం సీనియర్ సర్జనుగా నా చివరి ఏడేళ్ల ఉద్యోగం గడిచింది. విభాగమంటే నేను, సువార్త సిస్టరు, ఒక కుర్చీ. నాకు బి.డి.ఎస్. మించి చదువు లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి నెలకు రెండు శనివారాలు రైలెక్కి వికారాబాద్ వెళ్లేవాణ్ణి. అక్కడి ఒక కళాశాల గ్రంథాలయంలో సాయంత్రం దాకా దంతవైద్య పత్రికలు చదివి నోటు పుస్తకంలో ఎక్కించుకునేవాణ్ణి. అలా పదకొండు పుస్తకాలు నిండాయి. వాటి గురించి నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది. ఈ సంగతి తొమ్మిదో పుస్తకం నాటిది. నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మాఘమాసం పెళ్లిళ్లకు ఇంకో పది రోజులున్నాయనగా జరిగింది.

రూట్ కెనాల్ చికిత్సలో పంటి వేరులోని చెడిన నరాన్ని తీసి, ఆ సన్నని గొట్టాన్ని కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి కడ్డీతో పూడుస్తాం. కడ్డీకీ గోడకూ మధ్య సందు నింపే పదార్థాన్ని సీలర్ అంటారు. మా కాలంలో జింక్ ఆక్సైడ్ పొడిని లవంగనూనె సారంతో గాజు పలక మీద కలిపేవాళ్లం. ఒక పెద్ద కడ్డీ పెట్టి, పక్కన సన్న కడ్డీలు ఒక్కొక్కటే ఒత్తుకుంటూ పోయేవాళ్లం. పలక మీద మిగిలిన చుక్కను సువార్త తుడిచేది కాదు. రోగి పేరు రాసిన చీటీ పక్కన పెట్టి, మర్నాడు గోటితో గీకి చూసేది. అది గట్టిపడితే పంటిలోదీ గట్టిపడినట్టే.

ఆ ఏడు నేను బయోసిరామిక్ సీలర్ గురించి చదివాను. కలపనక్కర్లేదు, సిరంజిలో సిద్ధంగా వస్తుంది. గొట్టం కొలతకు సరిపోయే ఒకే కడ్డీ చాలు. ఒక సిరంజి తెప్పించి, మొదట నర్సింలుకు వాడాను.

నర్సింలుది కొడంగల్ దగ్గరి ఊరు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, పెళ్లిళ్లు లేని నెలల్లో తాపీపని చేస్తాడు. క్లారినెట్ మూతి పైవరస ముందుపళ్ల కింద ఆనుతుంది. అతనికి చెడింది సరిగ్గా ఆ పన్నే.

“పన్ను పీకితే నాకు డోలే గతి సార్,” అన్నాడు. “డోలు ఎవలైనా కొడ్తరు. పాటకు నేనొక్కన్నే ఉన్న.”

పూడ్చడం బాగా కుదిరింది. ఎక్స్‌రేలో వేరు కొస దాకా తెల్లని గీత ఒక్కటే. మూడో రోజు సువార్త పలక తెచ్చి నా ముందు పెట్టింది.

“నర్సింలుది గట్టిపడలే సార్. ఇంకా వెన్న లెక్కనే ఉంది.”

సీలర్ గట్టిపడకపోతే వేరులో మెల్లగా కరిగిపోతుంది, మళ్లీ చీము పడుతుంది. సరుకు చెడిందనుకుని నర్సింలును పిలిపించాను, అంతా తీసి మళ్లీ పూడుస్తానన్నాను.

“కట్టిన గోడ కూలగొట్టుడా సార్? పెళ్లిళ్లు నెత్తి మీదున్నయి,” అంటూనే నోరు తెరిచాడు.

కడ్డీ పై భాగాన్ని వేడిచేసి మూడోవంతు తీశాను. తర్వాత గోడ వెంట ఫైలు, అంటే గొట్టాన్ని గీకే సన్న సూదిలాంటి ఆకురాయి, దించితే దిగలేదు. రాతి మీద గీసినట్టు గరగరలాడింది. గట్టిగా తోస్తే ఫైలు విరగవచ్చు, లేదా వేరు గోడకు చిల్లు పడవచ్చు. రెండింటిలో ఏది జరిగినా ఆ పన్ను దక్కేది కాదు. చెయ్యి ఆపాను. బయట మెత్తగా ఉన్నది లోపల ఎందుకు గట్టిపడిందో నాకు అర్థం కాలేదు.

“ఏమైంది సార్?” అని నర్సింలు లేచి కూర్చున్నాడు. సువార్త పలక చూపించింది. అతను వేలితో అద్ది చూశాడు.

“సిమెంటేనా గిది?”

ఆ జాతిదే అన్నాను.

“మరి నీళ్లు కొట్టిండ్రా? సుక్క నీళ్లు తాకకుంటె బస్తాల సిమెంటు ఏండ్లకేండ్లు గట్లనే ఉంటది.”

సువార్త నవ్వు ఆపుకుంది. నేను ఇంకొక చుక్కను, కట్లు కట్టే గాజుగుడ్డ తడిపి అందులో చుట్టి పెట్టించాను. తీసిన మేరకు మళ్లీ పూడ్చి, పన్ను మూసి, అతన్ని పంపేశాను. మర్నాటికి గుడ్డలోని చుక్క గోటికి లొంగలేదు. పలక మీది చుక్క వెన్నలాగే ఉంది.

తర్వాతి శనివారం వికారాబాద్‌లో అదే పత్రిక తీశాను. ఈ సీలర్ పంటి లోపలి తేమను తీసుకుని గట్టిపడుతుందని అందులో స్పష్టంగా ఉంది. నా తొమ్మిదో పుస్తకంలోనూ ఉంది. దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

నర్సింలు ఆ మాఘమాసమంతా వాయించాడు. ఏడాది తర్వాతి ఎక్స్‌రేలో, మొదట వేరు కొసన చీము జాడగా కనిపించిన నల్లటి నీడ పోయింది. కానీ నేను వేడిచేసి తీసిన చోట గొట్టం అవసరానికి మించి వెడల్పయింది. అక్కడ పన్ను బలం కొంత తగ్గింది. అది నా చేతి పని. కేసు కాగితంలో అలాగే రాశాను.

నేను కొత్త మందు తెచ్చుకున్నాను గాని దాన్ని పాత పరీక్షతో తూచాను. పలక మీది చుక్క జింక్ ఆక్సైడుకు సాక్ష్యమే, దీనికి కాదు. పదార్థం మారిన రోజునే పరీక్ష కూడా మార్చాలి. అప్పటి నుంచి నేను రిటైరయ్యే దాకా సువార్త పేర్ల చీటీలను పలక పక్కన కాక, చుక్క చుట్టిన తడి గాజుగుడ్డ పక్కన పెట్టేది.